గ్రూప్ బై గరీబు, ఆర్డర్ బై అమీరు

మీకో ర్యాంకు వచ్చింది. అభినందనలు!

ఎంసెట్ రాయలేదే అంటారా? రాయక్కర్లేదు. మీ పేరు, మీ ఇంటి నంబరు, మీ కరెంటు మీటరు, మీ బండి రిజిస్ట్రేషను అన్నీ కలిసి మీ తరఫున రాసేశాయి. పేపరు దిద్దింది ఎవరో చెప్పరు. మార్కులు చూపించరు. రీకౌంటింగ్ ఊసే లేదు. ఫెయిలైన సంగతి మాత్రం రేషన్ షాపులో తెలుస్తుంది. మిషన్ మీద వేలు పెట్టాక, సంచి తెరిచి పట్టుకున్నాక, వెనక పదిమంది చూస్తుండగా తెలుస్తుంది.

"మిషిన్ల పేరు వస్తలేదమ్మా."

"ఎందుకు వస్తలేదు బిడ్డా? పోయిన నెల తీసుకపోతినిగా!"

"నాకేమెరుక? పైనుంచి తీసేసిన్రు. మీసేవకు పో."

మీసేవకు పోతే సివిల్ సప్లై ఆఫీసుకు పొమ్మంటారు. అక్కడికి పోతే సిస్టమ్‌లో అట్లనే ఉంది అంటారు. సిస్టమ్ ఎక్కడుంటుంది సారూ, ఏ అంతస్తు, ఏ గది, ఎన్నింటికి వస్తుంది, లంచ్ ఎప్పుడు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అటెండరు ఇంకా పుట్టలేదు.

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజారువాళ్లకు వరసలో నిలబడటం కొత్త కాదు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న కంటోన్మెంటు ఊరిది. పటాలాల అవసరాల కోసం పుట్టిన బజారది. లెక్కపెట్టడం, గుంపులు కట్టడం, వరస తప్పినవాణ్ణి పక్కకు లాగడం లష్కర్ అని పిలుచుకునే ఈ ఊరి గాలిలోనే ఉన్నాయి. కాకపోతే ఆ రోజుల్లో లాగిన సార్జెంటుకు ఒక మొహం ఉండేది. ఇంటికెళ్లి తిట్టుకోవడానికైనా ఒక పేరు దొరికేది. ఇప్పుడు లాగుతున్నది క్వెరీ. క్వెరీని ఏ పేరుతో తిడతారు?

అసలీ క్వెరీ ఏమిటంటారా? మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగండి. ఏ కోచింగ్ సెంటరు మెట్లెక్కినా చెబుతారు. 1970లో ఎడ్గర్ కాడ్ అనే ఐబీఎం పెద్దమనిషి, సమాచారాన్ని పట్టికలుగా పెట్టుకుంటే ఎలా కావాలంటే అలా అడగొచ్చన్నాడు. 1974లో అదే ఐబీఎంలో ఛాంబర్లిన్, బాయిస్ అనే ఇద్దరు ఆ అడిగే భాషను తయారుచేశారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. దాని వెనక ఆశయం ఏమిటో తెలుసా? కంప్యూటర్ పండితులు కానివాళ్లు కూడా డేటాను సూటిగా ప్రశ్న అడగగలగాలని! యాభై ఏళ్లు గడిచాయి. సామాన్యుడికి ప్రశ్న అడిగే భాష వచ్చింది, అడిగే హక్కు రాలేదు. వాడి మీద మాత్రం రోజుకో ప్రశ్న నడుస్తోంది.

పని చాలా సులువు. ఒకే పేరు, ఒకే చిరునామా ఉన్న రికార్డుల్ని ఒక కుప్ప చెయ్. అది గ్రూప్ బై. కుప్పలో ఒకటికి మించి ఉన్నాయా? హ్యావింగ్ కౌంట్ అని రాసి పట్టుకో. ప్రతి కుప్పనూ విడిగా తీసుకుని లోపల ఒకటి, రెండు, మూడు అని నంబర్లెయ్. అది పార్టిషన్ బై, దాని పక్కన ఆర్డర్ బై. ఒకటో నంబరు ఉంచు, మిగతావి ఊడ్చెయ్. అయిపోయింది. స్వచ్ఛ డేటాబేస్!

బట్టల దుకాణం తన కస్టమర్ల జాబితా మీద ఈ పని చేసిందనుకోండి. పొరపాటు జరిగితే ఏమవుతుంది? దీపావళి డిస్కౌంటు మెసేజ్ రెండుసార్లు వచ్చేది ఒకసారే వస్తుంది, లేదా అసలు రాదు. కొంప మునగదు. పైగా హాయి. ఇదే పని రేషన్ కార్డుల జాబితా మీద చేస్తే? మునిగే కొంప ఎవరిది?

ఇంతకీ కుప్పలో ఒకటో నంబరు ఎవరికి? ఆర్డర్ బై పక్కన ఏ కాలమ్ రాస్తే దాని ప్రకారం. కొత్త తేదీ ముందు అని రాస్తే కొత్త రికార్డు అసలుది, పాతది దొంగది. పాత తేదీ ముందు అని రాస్తే దొంగ దొర అవుతాడు, దొర దొంగ అవుతాడు. ఇద్దరూ సరిసమానమైతే? రో నంబర్ అనే ఫంక్షన్‌కు మొహమాటం లేదు. ఒకరికి ఒకటి, ఒకరికి రెండు ఇచ్చేస్తుంది. ఎవరికి ఏది అన్నది దాని దయ. రేపు మళ్లీ నడిపితే తారుమారు కావచ్చు కూడా. ర్యాంక్ కాస్త మర్యాద తెలిసింది. ఇద్దరికీ ఒకటి ఇచ్చి, తర్వాతివాణ్ణి మూడో స్థానానికి నెడుతుంది. డెన్స్ ర్యాంక్ ఇంకా మెత్తన. ఇద్దరికీ ఒకటి, తర్వాతివాడికి రెండు. మూడూ 2003 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఉన్నవే. మూడింటికీ తేడా ఒక్క పదం. ఆ ఒక్క పదం తేడాతో ఒకడు జాబితాలో ఉంటాడు, ఒకడు గాల్లో కలుస్తాడు.

మన కార్డుల మీద ఏం నడిపారో మంత్రిగారికి తెలుసా? కమిషనర్‌గారికి? పోనీ రద్దు కాగితం మీద సంతకం పెట్టిన అధికారికి? ఆగండి. కాగితం ఇస్తే కదా సంతకం!

ఇప్పుడు కాస్త వెనక్కి పోదాం. 2014 ఆగస్టు 19 గుర్తుందా? కొత్త రాష్ట్రం తెలంగాణ. రాష్ట్రమంతటికీ సెలవు. ఎవరింట్లో వాళ్లు కూర్చోవాలి, లెక్క రాసేవాళ్లు వస్తారు. సమగ్ర కుటుంబ సర్వే. భీవండిలో మగ్గం వదిలి, ముంబైలో మేస్త్రీని బతిమాలి, రైళ్లలో వేలాడుతూ జనం ఊళ్లకు పరుగెత్తారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేపు పథకాల్లో ఉండమేమోనని భయం. ఉన్నారు. రాయించుకున్నారు. తలుపు మీద స్టిక్కరు వేయించుకున్నారు. అంతా చెప్పుకున్నాం కదా, ఇక సర్కారుకు మన కష్టం తెలిసిపోయిందని నమ్మారు.

తర్వాత సమగ్ర వేదిక వచ్చింది. శాఖలన్నిటి డేటానూ ఒకచోట కలిపే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ. దాని ఘనతను కేంద్రం 2018-19 ఆర్థిక సర్వేలో చాటింది. ఆ అధ్యాయం పేరు వింటే లింకన్ మహాశయుడు ఉలిక్కిపడతాడు: ప్రజల డేటా, ప్రజల చేత, ప్రజల కోసం! దాదాపు 25 ప్రభుత్వ డేటాసెట్లను కలిపారట. నేరాలు, ఆస్తులు, కరెంటు నీళ్ల కనెక్షన్లు, సబ్సిడీలు, చదువులు, పన్నులు, గుర్తింపు వివరాలు. నేరాలూ సబ్సిడీలూ ఒకే పంక్తిలో! బియ్యం అడిగేవాడి పక్కన పోలీసు రికార్డు ఎందుకో అడక్కండి. అక్కడితో ఆగలేదు. మనిషికి భార్యను, తోబుట్టువులను, తల్లిదండ్రులను, తెలిసినవాళ్లను కూడా ముడేశారు. పెళ్లిళ్ల పేరయ్య కూడా ఇంత ఆరా తీయడు.

ఇన్ని పట్టికల్ని కలిపిన తాడు ఏమిటి? ఆ ఆర్థిక సర్వేనే చెప్పింది. వ్యక్తి పేరు, చిరునామా.

పేరు, చిరునామా! రెజిమెంటల్ బజారు గల్లీలో నిలబడి "లక్ష్మీ" అని ఒక్క కేక వెయ్యండి. ఎన్ని తలుపులు తెరుచుకుంటాయో చూడండి. ఒక లక్ష్మికి ఇంగ్లిష్‌లో ఎక్స్ ఉంటుంది, ఒక లక్ష్మికి కె, ఎస్, హెచ్ ఉంటాయి. ఒకే లక్ష్మికి ఆధార్‌లో ఎక్స్, గ్యాస్ పుస్తకంలో కె, ఎస్. ఇంటిపేరు ముందు రాస్తాం, వెనక రాస్తాం, పొడి అక్షరంగా రాస్తాం, అసలు రాయం. పెళ్లయ్యాక కొందరికి మారుతుంది, కొందరికి మారదు. చాలా ముస్లిం ఇళ్లల్లో భర్తకూ భార్యకూ ఉమ్మడి ఇంటిపేరే ఉండదు. ఇక డోర్ నంబరు. తాత కట్టిన ఇల్లు, కొడుకులు పంచుకున్న ఇల్లు, కిరాయికిచ్చిన వెనక గది. బై వన్, బై టూ, బై టూ బై ఏ. తలుపు మీద ఇన్ని బైలు ఉంటాయి, బిల్లు మీద ఒక్కటీ ఉండదు. అన్ని కాపురాలూ కంప్యూటరు కళ్లకు ఒకే కాపురం. అందులో ఒకడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడనుకోండి. అందరూ కారు ఓనర్లే! ఇంత సమానత్వం కమ్యూనిస్టులు కూడా తేలేకపోయారు.

నవ్వులాట అనుకుంటున్నారా? రిక్షా తొక్కే మనిషిని కారు ఓనరుగా లెక్కగట్టి ఆ ఇంటి కార్డు తీసేసిన ఉదంతాన్ని రిపోర్టర్స్ కలెక్టివ్, అల్ జజీరా 2024 జనవరిలో బయటపెట్టాయి. మూడు చక్రాలకు నాలుగోది తగిలించింది సర్కారు. బండి మాత్రం ఇవ్వలేదు.

ఇదే బజారులో పాతకాలపు కిరాణా సేటు ఉద్దెర పుస్తకం చూడండి. అతనూ గుంపులే కడతాడు. ఇంటికో పేజీ. టైలరింటి లక్ష్మి వేరు, పాలాయనింటి లక్ష్మి వేరు. అతనూ ర్యాంకులే ఇస్తాడు. ఎవరు ఒకటో తారీకున ఇస్తారో, ఎవరు ఇరవై దాకా మొహం చాటేస్తారో అతనికి తెలుసు. కానీ ఉద్దెర ఆపేముందు ఒక మాట అంటాడు: "ఏంది లచ్చమ్మా, మూడు నెలలాయె, ఏమైంది?" ఆమె ఏదో చెబుతుంది. అతను గొణుక్కుంటాడు. పప్పు పొట్లం కడతాడు. 25 డేటాసెట్ల వేదికకు ఆ ఒక్క వాక్యం చేతకాలేదు.

అసలు తమాషా చిరునామా లేనివాళ్ల దగ్గర మొదలవుతుంది. స్టేషన్ బయట పడుకునే కూలీ. నంబరు పడని గుడిసె. ఆ కాలమ్ ఖాళీ. డేటాబేస్ భాషలో నల్. నల్ అంటే సున్నా కాదు, తెలియదు అని. రెండు నల్‌లు సమానమా అని పోల్చమంటే ఎస్‌క్యూఎల్ అవుననదు, కాదనదు. తెలియదంటుంది. ఎంత నిజాయితీ! మన ప్రజాప్రతినిధుల నోట ఆ మాట ఎప్పుడైనా విన్నామా? కానీ గ్రూప్ బై దగ్గరికి వచ్చేసరికి ఆ నిజాయితీ గంగలో కలుస్తుంది. నల్‌లన్నిటినీ ఒకే గుంపులో కుక్కేస్తుంది. అంటే చిరునామాతో గుంపులు కట్టమంటే ఇల్లు లేనివాళ్లంతా ఒకే ఇంటివాళ్లు. వసుధైక కుటుంబం!

వరస పెట్టేటప్పుడు ఇంకో వింత. చిన్నది ముందు అని వరస పెడితే ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌లలో నల్ చివరికి పోతుంది. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో మొదటికొస్తుంది. ప్రత్యేకంగా చెబితే తప్ప అంతే. ఆదాయం కాలమ్ ఖాళీగా ఉన్నవాడు జాబితాకు తలా, తోకా? ఆఫీసు ఏ కంపెనీ సరుకు కొన్నదో దాన్నిబట్టి. అంత్యోదయం ఎవరికన్నది టెండరు తేలుస్తుందన్నమాట. 2015కు ముందటి మైఎస్‌క్యూఎల్ అయితే మరీ ఉదారం. గుంపులో ఉన్నవాళ్లలో ఎవరి వివరం చూపించాలో మీరు చెప్పకపోయినా అడ్డు చెప్పేది కాదు. ఎవడో ఒకడిది తీసి చూపించేది. మన ఆఫీసుల స్వభావానికి అంత చక్కగా సరిపోయే సాఫ్ట్‌వేర్ మళ్లీ రాలేదు.

ఇక లెక్కలు. 2014 నుంచి 2019 దాకా తెలంగాణలో 18.6 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. మరో 1,42,086 కొత్త దరఖాస్తులు తిరస్కరించారు. నోటీసు లేదు. అన్నీ ఈ ఒక్క వేదిక పుణ్యమే అని నేననను. బోగస్ కార్డులు లేవని కూడా అనను. ఉన్నాయి, అందరికీ తెలుసు. డీలరు బీరువాలో కట్టలు కట్టి ఉన్న రోజులూ చూశాం. దొంగ కార్డు పట్టుకోవద్దని ఎవరన్నారు? అసలు కార్డును దొంగదన్నప్పుడు కనీసం తలుపు తట్టమన్నారు, అంతే.

సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది: రద్దు చేసిన దాదాపు 19 లక్షల కార్డులపై క్షేత్రస్థాయిలో మళ్లీ విచారణ జరపండి. దేశంలో అత్యున్నత న్యాయస్థానం చెప్పిందేమిటి? ఇంటికెళ్లి చూడండి అని. ఇది చెప్పడానికి సుప్రీంకోర్టు కావాలా? 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. జులై నాటికి 2,05,734 చూశారు. అందులో 15,471 మందికి కార్డు ఇవ్వాల్సిందేనని తేలింది. అంటే చూసినంతలో నూటికి ఏడున్నర. అమీర్‌పేట ఇంటర్వ్యూలో కుర్రవాణ్ణి ఏమడుగుతారు? రెండో అత్యధిక జీతం ఎవరిదో క్వెరీ రాయి అంటారు. వందమందిలో ఏడుగురిని తప్పుగా చూపిస్తే లేచి వెళ్లమంటారు. వాడికి ఉద్యోగం పోతుంది. ఇక్కడ పదిహేను వేల పైచిలుకు ఇళ్లల్లో బియ్యం పోయాయి. ఎవరి ఉద్యోగం పోయింది?

పోనీ, ఆ కోడ్ ఏమిటో చూపించండి అని సమాచార హక్కు కింద అడిగితే? అది ప్రైవేటు కంపెనీ హక్కుల వ్యవహారం, ఇవ్వడం కుదరదన్నారు. వినండి మళ్లీ. నా పేరు వాళ్ల దగ్గర. నా చిరునామా వాళ్ల దగ్గర. నా భార్య, నా తమ్ముడు, నా మీటరు రీడింగు వాళ్ల దగ్గర. వాటి మీద నడిపిన నాలుగు వాక్యాలు మాత్రం రహస్యం. గోప్యత మనిషికి లేదు, క్వెరీకి ఉంది.

ఇదే క్వెరీని ఒకసారి పైకి తిప్పి చూడమనండి. గ్రూప్ బై కంపెనీ. ఆర్డర్ బై బాకీ. పెద్దది ముందు. బ్యాంకులకు ఎగ్గొట్టిన దొరల జాబితా ఒక్క సెకనులో వస్తుంది. రాదు! ఎగవేతదారుల సమాచారం ఇవ్వాల్సిందేనని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకుకు చెప్పింది. 2019లో ఇదే చివరి అవకాశం అని హెచ్చరించాల్సి వచ్చింది. మూడేళ్లకు పైగా ఆ ఒక్క క్వెరీకి కరెంటు లేదు కాబోలు. ఆరు కిలోల బియ్యం దగ్గరికొచ్చేసరికి సర్వర్లు రాత్రింబవళ్లు పరుగులే పరుగులు.

ప్రైవేటువాళ్లు తక్కువ తిన్నారా? మందుబిళ్ల కొంటే ఫోన్ నంబరు. చొక్కా కొంటే ఫోన్ నంబరు. నంబరు కోసం కస్టమర్లను బలవంతపెట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలో దుకాణాలకు చెప్పింది. మొన్న మీరు కౌంటర్ దగ్గర నంబరు చెప్పలేదూ? చెప్పాం. వెనక క్యూ ఉంది, గొడవెందుకని చెప్పాం. ఆ నంబరు కింద మనం కొన్నవన్నీ గుంపు కడతారు. ఎప్పుడొచ్చాడు, ఎన్నిసార్లొచ్చాడు, ఎంత పెట్టాడు అని వరస పెడతారు. పై వరసవాడికి రత్నకంబళి, కింది వరసవాడికి కస్టమర్ కేర్ సంగీతం.

సర్కారు మారింది కదా అంటారా? మారింది. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు. మళ్లీ క్యూ, మళ్లీ జిరాక్సులు, మళ్లీ పాస్‌పోర్టు ఫొటోలు. కోటికి పైగా కాగితాలు. అందులో ఒక కట్ట బైకు మీద వెళ్తూ బాలానగర్ ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురైంది. జనం ఆధార్ నంబర్లు, జనం ఆశలు టైర్ల కింద. ఆ ఏడాదే నవంబర్ 6 నుంచి ఇంటింటి కులగణన సర్వే, 75 ప్రశ్నలు, మళ్లీ తలుపు మీద స్టిక్కరు. పాత స్టిక్కరు గోకేలోగా కొత్తది. 2025లో కొత్త రేషన్ కార్డులొచ్చాయి, ఉగాదికి సన్నబియ్యం పథకం వచ్చింది. సంతోషం. సన్నబియ్యం తిన్నవాళ్లు బాగున్నాయనే అంటున్నారు, నేనూ కాదనను. కానీ కార్డు తీసేయాలంటే ఎవరిని, ఎందుకు, ఏ లెక్కన తీస్తారన్నది నిన్నా చెప్పలేదు, ఇవాళా చెప్పడం లేదు.

చట్టం ఉంది కదా, 2023లో డేటా రక్షణ చట్టం చేశారు కదా అని చదువుకున్నవాళ్లు గుర్తుచేస్తారు. చేశారు. సబ్సిడీలు, పథకాల పేరుతో తన రికార్డుల్లో ఉన్న మీ డేటాను వాడుకోవడానికి సర్కారు మళ్లీ మీ అనుమతి అడగక్కర్లేకుండా అందులోనే తలుపు తీసిపెట్టుకున్నారు. తాళం మనకు, తాళంచెవి వాళ్లకు.

ఆ క్వెరీలు రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఎవరిని తీయాలో చెప్పే వేర్ లేకుండా డిలీట్ కొట్టొద్దని మీకు మొదటి క్లాసులోనే చెప్పారు. వేర్ పక్కన ఏం రాయాలో పైవాడు చెబుతాడు, నిజమే. అక్కడ ఎవరి పేరు రాలిపోతుందో ఒక్కసారి సెలెక్ట్ కొట్టి చూసుకోండి. అందులో మీ అమ్మమ్మ ఉండొచ్చు.

దొరలను అడగాల్సింది ఇదొక్కటే. రేషన్ షాపు గోడ మీద స్టాకు బోర్డు పెట్టాలన్న నిబంధన ఎలాగూ ఉంది. దాని పక్కనే ఇంకో కాగితం అతికించండి. ఈ నెల ఎన్ని కార్డులు తీశారు, ఏ పట్టికలు కలిపి తీశారు, ఏ నిబంధన కింద తీశారు, సంతకం పెట్టిన అధికారి ఎవరు, తప్పైతే ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. తెలుగులో రాయండి, ఉర్దూలో రాయండి. ఆ కాగితం అతికించేదాకా ఏ ఒక్క కార్డూ తీయకండి.